వాచీ లెక్కకు రాని అడుగులు

మా పాపను ఉయ్యాలలో వేసిన రోజున నా ఒంట్లో ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది. అప్పటికి పాప పుట్టి ఇరవై ఒక్క రోజులు. మేడిపల్లిలో మా అమ్మ వాళ్ళింట్లో హాలు నిండా చుట్టాలున్నారు. పాపను ఎత్తుకుని ఉయ్యాల దాకా నాలుగడుగులు వేసి, పడుకోబెడదామని వంగాను. ఊపిరి అందలేదు. పక్కనే ఉన్న మా అత్తగారి చేతుల్లో పాపను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను.

"పచ్చి బాలింతవే, నీరసం ఉండదూ మరి!" అంది అమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అత్తమ్మ మాత్రం నవ్వలేదు. నా పక్కనే కూర్చుని, మెల్లగా, "దమ్మొస్తున్నదా బిడ్డా?" అని అడిగింది. నేను లేదన్నాను. నాకు అదొక జబ్బు. ఎవరేం అడిగినా ముందు 'లేదు' అంటాను, తర్వాత ఆలోచిస్తాను.

నా పేరు లావణ్య. నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు భౌతికశాస్త్రం చెబుతాను. మా నాన్న ఉద్యోగం కోసం తెనాలి వైపు నుంచి వచ్చి మేడిపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. మా ఆయన శ్రీకాంత్ వాళ్ళది నాచారమే, ఇక్కడ పొలాలున్న కాలం నుంచీ. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. అత్తమ్మ బడికి వెళ్ళలేదు, సంతకం మాత్రం నేర్చుకుంది. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

ఉయ్యాల వేడుక తర్వాత కాళ్ళు వాచాయి. పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే తగ్గేది. ఒక దిండు రెండయింది, రెండు మూడయ్యాయి. బాలింత వాపులే, నెయ్యి, కారప్పొడి తింటే అవే తగ్గిపోతాయన్నారు అందరూ. దగ్గరలో ఉన్న క్లినిక్‌కి వెళితే డాక్టర్ కళ్ళ కింద చూసి, "హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. పోస్ట్ డెలివరీ వీక్‌నెస్" అని ఐరన్ మాత్రలు రాశాడు. పది రోజులు అవి మింగాను. పదకొండో రోజు మధ్యాహ్నం బాత్రూమ్ నుంచి మంచం దాకా రాలేక మధ్యలోనే నేల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు మమ్మల్ని చూడ్డానికి వచ్చిన శ్రీకాంత్, అమ్మ కేక విని పరుగెత్తుకొచ్చాడు. నా పెదాలు నీలంగా మారడం చూసి వెంటనే ఎత్తుకెళ్ళి కారులో పడుకోబెట్టాడు.

ఉప్పల్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆ తర్వాత టూడీ ఎకో అనే గుండె స్కానింగ్. చీకటి గదిలో ఎకో తీస్తున్న అమ్మాయి మొదట నాతో పాప గురించి ముచ్చట్లు చెప్పింది. కాసేపటికి మాటలు ఆపేసింది. ఆ మౌనంలో నాకు సగం సంగతి అర్థమైంది.

మిగతా సగం కార్డియాలజిస్ట్ మేడమ్ చెప్పారు. "చూడమ్మా, మీ గుండె పంపింగ్ బాగా తగ్గింది. ఈఎఫ్ అంటాం. మామూలుగా యాభై ఐదు పైన ఉండాలి. మీకు ఇరవై ఎనిమిది ఉంది. దీన్ని పెరిపార్టమ్ కార్డియోమయోపతి అంటారు. కాన్పు దగ్గర్లో కొంతమందికి గుండె కండరం బలహీనపడుతుంది."

"నేనేం తప్పు చేశాను మేడమ్?"

"ఏమీ చేయలేదు. అది మీ చేతిలో లేదు."

"బతుకుతానా?"

ఆవిడ తడుముకోలేదు. "చాలామంది కోలుకుంటారు. టైమ్ పడుతుంది. ఆ టైమ్‌లో నేను చెప్పినట్టు వినాలి."

తొమ్మిది రోజులు ఉంచారు, అందులో నాలుగు ఐసీయూలో. ఒంట్లో చేరిన నీరు దిగిపోయే ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండో రోజు మేడమ్ వచ్చి, గుండె మీద భారం తగ్గాలి, మందులూ ఎక్కువ కాబట్టి పాలివ్వడం ఆపేద్దామన్నారు. నాకు గుండె జబ్బని చెప్పినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి నొప్పి పుడుతుంటే, అక్కడ మేడిపల్లిలో నా పిల్ల సీసా పీక నోట్లో పెట్టుకోనని ఏడుస్తోందని అమ్మ ఫోన్లో చెప్పింది.

ఇంటికి పంపుతూ నియమాలు చెప్పారు. రోజుకి లీటరున్నర కంటే ఎక్కువ నీళ్ళు తాగకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయాలి. ఆవకాయ పూర్తిగా బంద్. ఆవకాయ మాట వినగానే అమ్మ ముఖం చూడాలి! నా ఈఎఫ్ విన్నప్పుడు కూడా అంత డీలా పడలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అది మేడ మీద ఇల్లు. అందుకని "నా కోడల్ని నేను సూసుకుంట, మా ఇంటికి తోలుండ్రి" అని అత్తమ్మ నన్నూ పాపనూ నాచారం తెచ్చేసుకుంది.

మూడో నెల ఎకోలో ఈఎఫ్ ముప్పై మూడు వచ్చింది. మేడమ్ పెదవి విరవలేదు కానీ చప్పట్లూ కొట్టలేదు. "మెల్లగా పెరుగుతోంది. ఇక నడక మొదలుపెట్టండి. మొదట రోజుకి రెండు వేల అడుగులు, అంతకు మించొద్దు. ఎన్ని నడిచారో, ఎలా ఉందో రాసుకుని రండి. చూసి పెంచుదాం. ఆరో నెల ఎకోలో ముప్పై ఐదు దాటకపోతే డివైస్ గురించి మాట్లాడుకోవాలి." డివైస్ అంటే భుజం ఎముక కింద చర్మం లోపల పెట్టే చిన్న మెషీన్. గుండె లయ తప్పి ఆగబోతే షాక్ ఇస్తుంది. అంటే నా గుండె ఆగిపోయే అవకాశం ఉందని డాక్టర్లు అనుకుంటున్నారన్నమాట. నాకప్పుడు ముప్పై ఒకటి.

ఆ రోజు నుంచి నా లోకమంతా రెండు అంకెలే. ఈఎఫ్, అడుగులు. మొదటిది నా చేతిలో లేదు. రెండోదైనా సరిగ్గా చేద్దామని పట్టుబట్టాను. శ్రీకాంత్ మంచి వాచీ కొనుక్కొచ్చి నా ఎడమ చేతికి పెట్టాడు. 'వాకింగ్' అని నొక్కి బయలుదేరితే ఆ నడకలో వేసిన అడుగులే చూపిస్తుంది. ఆయన ఫోన్లోనూ కనిపిస్తుంది. పాపను ఎత్తుకుని నడవొద్దన్నారు, ఇంట్లో వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పదు. అందుకని శ్రీకాంత్ ఆఫీసు వాళ్ళు కానుకగా ఇచ్చిన స్ట్రోలర్ విప్పాం. అత్తమ్మ దాన్ని నాలుగు వైపులా చూసి, "పొల్లను బండిల ఏసి తోసుడేంది, కూరగాయల లెక్క?" అంది. కానీ అందులో పరిచిన మెత్తటి పాత చీర ఆవిడదే.

మా గేటు నుంచి ఇస్త్రీ బండి, నీళ్ళ ట్యాంకు, రెండు మలుపులు తిరిగి మళ్ళీ గేటు. అదే నా దారి. సాయంత్రం ఎండ కాస్త తగ్గాక బయలుదేరేదాన్ని. రెండు చేతులతో స్ట్రోలర్ గట్టిగా పట్టుకుని తోసేదాన్ని. రోడ్డు గతుకులు, కుక్కలు, ఎదురుగా వచ్చే బైకులు. ఒక్క చెయ్యి వదలడానికి కూడా భయం.

వారం తిరిగేసరికి నాకు దిగులు మొదలైంది. దగ్గర దగ్గర గంటసేపు నడుస్తున్నాను. చెమటలు, ఆయాసం, కాళ్ళు పీకడం. చూస్తే వాచీలో పదిహేను వందలో, పదహారు వందలో. రెండు వేలు ఎప్పుడూ నిండేవి కావు. గంటకి పదహారు వందలంటే నత్తలా నడుస్తున్నానన్నమాట, నా గుండె అంతకే అలసిపోతోందన్నమాట అనుకున్నాను. చుట్లు లెక్కపెట్టాలని ఒక్కసారి కూడా తట్టలేదు. శ్రీకాంత్ ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాడు. "ఏంది లావణ్యా, ఇంక పదమూడొందలే అయినయ్? ఇంకొక్క రౌండ్ కొట్టు." ఆయన ఫికర్ ఆయనది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. 'నువ్వు కొట్టు రౌండు' అని ఫోన్ పెట్టేసి, మళ్ళీ ఆ ఒక్క రౌండూ నేనే కొట్టేదాన్ని.

స్కూలు గ్రాఫు పుస్తకంలో రోజూ రాసుకున్నాను. 1480, ఆయాసం. 1620, బాగా ఆయాసం. 1550, కళ్ళు తిరిగాయి. రాయని సంగతి ఒకటుంది. ఎండలో నడిచొచ్చి దాహానికి ఆగలేక లెక్కకు మించి నీళ్ళు తాగేదాన్ని. ఒక గ్లాసుతో ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ ఒక్క గ్లాసు రోజూ రెండయ్యేది.

ఏప్రిల్ నెల చివర్లో ఒక సాయంత్రం నీళ్ళ ట్యాంకు మలుపులో ఇక అడుగు పడలేదు. స్ట్రోలర్ పట్టుకునే అలాగే కిందికి జారాను. పడిపోతూ కూడా స్ట్రోలర్ బ్రేకు కాలితో తొక్కానట, నాకు గుర్తులేదు. ఇస్త్రీ బండి ఆయన పరుగున వెళ్ళి అత్తమ్మను పిలుచుకొచ్చాడు. ఆ పూటే మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ నీరు దిగే ఇంజెక్షన్లు, మళ్ళీ నాలుగు రోజులు.

మేడమ్ నా గ్రాఫు పుస్తకం తిరగేశారు. "ఎక్కడా రెండు వేలు దాటలేదు. పదిహేను వందలకే ఇంత ఆయాసమా?" అన్నారు. ఎకో మళ్ళీ తీశారు. ముప్పై నాలుగు. అంకె తగ్గలేదు, కానీ ఆవిడ ముఖంలో తృప్తి లేదు. "ఇంత తక్కువ నడకకే నీరు చేరిందంటే మనం అనుకున్నంత ఇంప్రూవ్‌మెంట్ లేనట్టు. ఆరో నెల దాకా ఆగడం మంచిది కాదేమో. డివైస్ కోసం గుండె లయ చూసే ఈపీ డాక్టర్‌కి చూపిద్దాం. అప్పటిదాకా వెయ్యి అడుగులు, అంతే." మందుల డోసు పెంచారు. ఆ డోసుకి బీపీ పడిపోయి, మంచం దిగితే గది తిరిగేది.

ఇంటికొచ్చాక గ్రాఫు పుస్తకం చివరి పేజీలు తెరిచి పాప గురించి రాయడం మొదలుపెట్టాను. ఏ టీకా ఎప్పుడు, ఏ సబ్బు పడదు, సీసా పాలు ఎంత వెచ్చగా ఉండాలి. ఎడమ చెవి వెనక మెల్లగా నిమిరితే నిద్రపోతుంది. ఎవరి కోసం రాస్తున్నానో నాకు తెలుసు. నేను లేకపోతే దీన్ని పెంచబోయే వాళ్ళ కోసం. వెయ్యి అడుగులు నడవలేని మనిషి పిల్లను బడికి పంపేదాకా ఉంటుందా? భయమేసింది. చచ్చేంత భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక ఇంట్లో అందరి మీదా అరిచేదాన్ని.

నడక మళ్ళీ మొదలుపెట్టిన రెండో రోజు. మే నెల వచ్చేసింది. ఏడాదికి సరిపడా చింతపండు తెచ్చుకుని గింజలు తీసి పెట్టుకునే రోజులు. అత్తమ్మ గేటు పక్క మెట్టు మీద గోనెపట్టా పరుచుకుని చింతపండు ముందేసుకుని కూర్చుంది. నేను స్ట్రోలర్ తోసుకుంటూ ఆవిడ ముందు నుంచి పోతున్నాను.

"ఇగ సాలు బిడ్డా, మస్తు తిరిగినవ్. జర కూసోరాదు?"

"వాచీలో ఇంకా ఆరొందలే ఉంది అత్తమ్మా."

"ఆరొందలు ఎట్లయితయ్? గింతసేపు తిరిగితివి గదా. నీ మొకం సూడు, ఎట్ల గుంజుకపోయిందో."

"మీకు తెలియదు, ఊరుకోండి. నాలుగక్షరాలు చదువుకుని ఉంటే తెలిసేది."

మాట నోరు దాటింది. అత్తమ్మ తల వంచుకుని చింతపండు పనిలో పడిపోయింది. నేను ఇంకో రెండు చుట్లు తిరిగాను. సిగ్గుతో కొంత, పంతంతో కొంత.

మర్నాడు సాయంత్రం నడక పూర్తి చేసి గేటులోకి వచ్చాను. వాచీ వెయ్యి పది చూపిస్తోంది.

"ఎన్నయినయ్?" అంది అత్తమ్మ.

"వెయ్యి పది. సరిపోయిందిలెండి."

ఆవిడ ఒళ్ళో నుంచి స్టీలు గిన్నె తీసి నా ముందు పెట్టింది. అందులో చింతగింజలున్నాయి. "ఎంచు," అంది. ఏడున్నాయి.

"నువ్వు నా ముంగటికెళ్ళి పోయినప్పుడల్ల ఒకటి ఏసిన. కీసరగుట్ట మీద నూటెనిమిది సుట్లు తిరిగినప్పుడు గిట్లనే గింజలతోటి ఎంచిన. ఒక్కటి తప్పలే. నీ కడుపు పండాలని మొక్కిన మొక్కది." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏడు సుట్లకు వెయ్యేనా బిడ్డా? పొద్దుగాల పాలకు పోయినప్పుడు ఎంచిన. గీడికెళ్ళి గా నీళ్ళ ట్యాంకు దాంకనే రెండొందలయినయ్. నాకు సదువు రాదు. నూరు దాంక ఎంచుడు వస్తది."

ఏడు చుట్లకు వెయ్యి పది అంటే చుట్టుకు నూట నలభై నాలుగు. సగం దారికే రెండు వందలు. చదువుకున్నదాన్ని కదా, భాగహారం మాత్రం గబగబా చేసేశాను.

తెల్లారి ఎండ ఎక్కకముందే స్ట్రోలర్ తీసుకుని ఒకే ఒక్క చుట్టు, పైకి లెక్కపెడుతూ నడిచాను. నాలుగు వందల పన్నెండు. వాచీలో నూట ముప్పై ఎనిమిది. ఇంట్లోకొచ్చి కూర్చుని బాగా విశ్రాంతి తీసుకున్నాను. సాయంత్రం పాపను అత్తమ్మకు ఇచ్చి, ఉత్త చేతులతో మళ్ళీ ఒక చుట్టు. లెక్కపెడితే నాలుగు వందల తొమ్మిది, వాచీలో నాలుగు వందల ఒకటి. వాచీ చెడిపోలేదు. చెయ్యి ఊగితేనే అడుగు పడిందని దానికి తెలుస్తుంది. స్ట్రోలర్ పట్టుకున్న చేతులు ఊగవు. ఏ గతుకు దగ్గరో కుదుపు తగిలినప్పుడు మాత్రం నాలుగు కలుపుకుంటుంది.

స్కూల్లో పిల్లల చేతికి స్క్రూగేజీ ఇచ్చే ముందు గొంతు చించుకునేదాన్ని. "ముందు పరికరంలో తప్పుందేమో చూడండ్రా! ఆ తర్వాతే కొలవండి!" చూడనివాళ్ళకి మార్కులు కోసేదాన్ని. నా ప్రాణం మీదికొచ్చిన కొలతకి మాత్రం పరికరాన్ని చూడలేదు. నాలాంటి పంతులమ్మ చేయకూడని తప్పు ఇది.

శ్రీకాంత్ నమ్మలేదు. "గంత మంచి వాచ్, గట్లెట్ల తప్పు సూపిస్తది?" అని ఆదివారం తనే చేతికి పెట్టుకుని, గేటు ముందే అటూ ఇటూ స్ట్రోలర్ తోశాడు. నేను మెట్టు మీద కూర్చుని గట్టిగా లెక్కపెట్టాను. రెండు వందల అడుగులకి వాచీలో అరవై ఒకటి. వాచీ ఉన్న చెయ్యి వదిలేసి ఊపుకుంటూ, రెండో చేత్తో తోస్తే నూట తొంభై మూడు. చివరికి వాచీని సాక్సులో దోపి చీలమండకు పెట్టుకుని రెండు చేతులతో తోశాడు. నూట తొంభై ఎనిమిది.

"కాలికి గడియారం కట్టుకుంటివేందిరా! ఎద్దుకు గజ్జెలు కట్టినట్టే ఉన్నది," అంది అత్తమ్మ. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో అందరం పగలబడి నవ్వాం. శ్రీకాంత్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. స్ట్రోలర్ పట్టుకుని అలాగే నిలబడి, "నేనే గదా ఇంకొక్క రౌండ్, ఇంకొక్క రౌండ్ అని తిప్పిన," అన్నాడు. నేను లేచి వెళ్ళి పాపను ఆయన చేతికిచ్చాను.

సోమవారం మేడమ్ ముందు అంకెలన్నీ పెట్టాను. నీళ్ళ గ్లాసుల సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే నేను రెండు వేలంటే మీరు ఐదు వేల దాకా నడిచారా? ఏప్రిల్ ఎండలో?"

"అవును మేడమ్."

ముందు బాగా కోప్పడ్డారు. కాసేపటికి తగ్గి, "తప్పు నాది కూడా. ఎన్ని అడుగులని అడిగాను, ఎలా నడుస్తున్నారని అడగలేదు" అన్నారు. అప్పటికప్పుడు ఫిజియోథెరపిస్ట్‌ని పిలిచి సిక్స్ మినిట్ వాక్ టెస్ట్ చేయించారు. కారిడార్‌లో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవాలి, అంతే. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, పక్కన స్టాప్‌వాచీతో ఆ అమ్మాయి. నాలుగు వందల పది మీటర్లు నడిచాను. మాట్లాడుతూనే నడిచాను.

మేడమ్ కాగితం చూసి తల ఊపారు. "వెయ్యి అడుగులకు కూలబడే మనిషి ఇలా నడవలేదు. నీరు చేరడానికి నడక ఒక్కటే కారణమని చెప్పలేను. ఎండ ఉంది, మీరు దాచిన నీళ్ళున్నాయి. కానీ ఆ పుస్తకం చూసి మీ గుండెని నేను ఉన్నదానికంటే బలహీనం అనుకున్నాను. డివైస్ సంగతి తొందరపడొద్దు. ఈపీ డాక్టర్‌తో నేను మాట్లాడతాను. ఆరో నెల ఎకో దాకా ఆగుదాం. ఈసారి నిజంగా రెండు వేలే. నడుస్తూ మాట్లాడలేకపోతే వాచీ ఏం చెప్పినా సరే, ఆగిపోవాలి."

ఆ నెలన్నర నా నడకను అత్తమ్మ గింజలే కాపలా కాశాయి. రెండు వేలంటే ఐదు చుట్లు. ఐదో గింజ గిన్నెలో పడగానే, "ఇగ లోపలికి రా" అనేది. ఒక్కరోజు కూడా ఎదురు చెప్పలేదు నేను. వాచీ కాలికి ఉండేది, రెండూ కలిసేవి.

జూన్ చివర్లో ఎకో. అదే చీకటి గది, అదే అమ్మాయి. ఈసారి మధ్యలో మాటలు ఆపలేదు. ఈఎఫ్ నలభై ఒకటి. డివైస్ అక్కర్లేదని మేడమ్ అన్నప్పుడు శ్రీకాంత్ కుర్చీలోంచి లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే అత్తమ్మ దగ్గరకు వెళ్ళాను. "అత్తమ్మా, ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"అదే, చదువు గురించి..."

"గదెప్పుడో మర్సిపోయిన తియ్యి," అంది. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. "నీ గుండె మంచిగయింది, గది సాలు. అన్నం తిన్నవా?" నేను ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆవిడ చేతులకు చింతపండు వాసన.

ఇప్పుడు పాపకు ఏడాదిన్నర. మొన్నటి ఎకోలో ఈఎఫ్ యాభై మూడు. మందులు ఇంకా వాడుతున్నాను, మేడమ్ ఆపమనేదాకా వాడతాను. రెండో బిడ్డ వద్దని గట్టిగా చెప్పారు. అది ఇంకా గొంతులో ముల్లులానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. స్కూల్లో మొదట ఒక పూట, ఇప్పుడు రెండు పూటలా పాఠాలు చెబుతున్నాను. పాప స్ట్రోలర్ ఎక్కనంటోంది. దాన్ని తనే తోస్తానని పేచీ. తోస్తుంటే వెనక నేను నడుస్తాను, చేతులు ఊపుకుంటూ.

ఇలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ ఇన్ని అడుగులని చెబితే, మీరు రోజూ ఎలా నడుస్తారో అలాగే, స్ట్రోలర్‌తోనో, సంచులు పట్టుకునో, వాకర్ పట్టుకునో, నోటితో లెక్కపెడుతూ ఒక వంద అడుగులు వేయండి. వాచీ ఎంత చూపించిందో చూడండి. ఆ రెండు అంకెలూ, నడిచిన తీరూ డాక్టర్‌కి చెప్పండి. ఆ తర్వాతే వాచీని నమ్మండి.

పోయిన ఆదివారం అల్మారా సర్దుతుంటే ఆ గ్రాఫు పుస్తకం దొరికింది. చివరి పేజీలు తెరిచాను. టీకాల తేదీలు, సబ్బు, పాల సీసా. 'ఎడమ చెవి వెనక మెల్లగా నిమిరితే నిద్రపోతుంది.' పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద రాశాను: ఇప్పుడు చెవి ముట్టుకోనివ్వదు. నా జుట్టు పిడికిట్లో పట్టుకుని పడుకుంటుంది.